ఎడమ భుజం పట్టీ

వినపడకపోయినా బటన్ నొక్కేశాడు పాపం, పొద్దున వచ్చిన ఆ ముసలాయన, గాజు కిటికీకి అవతల చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, బుద్ధిమంతుడైన బడిపిల్లాడిలా వేలు బటన్ మీద ఆనించి కూర్చున్నాడు, ఇవతల తను ఏ శబ్దమూ పంపకుండా ఊరికే చూస్తుంటే టక్కున నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, నేనింకా ఏమీ వినిపించలేదు తాతగారూ అంటే, అదేంటమ్మా, సన్నగా వచ్చిందిగా, నాకు బాగానే వినపడింది అన్నాడు, అబద్ధమాడే మనిషి కాదు, నిజంగానే వినపడి ఉంటుంది, ఎదురుచూస్తూ కూర్చున్న చెవికి ఏదో ఒకటి వినపడుతూనే ఉంటుంది, ఇన్నేళ్ళుగా చెవుల పరీక్షలు చేస్తూ అలాంటివాళ్ళని ఎంతమందిని చూసిందో, ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొస్తోందో తెలియదు, ఎదురుగా బల్ల మీద రెండు వింగులు పక్కపక్కన పడున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండూ నల్లవే, రెండూ గాలి లేక సొట్టలు పడి వేడినీళ్ళ సంచుల్లా ఉన్నాయి, వాటి వెనక నిలబడి డైవింగు షాపు మాస్టారు ఏదో అడిగాడు, ఆమె వినపడనట్టు పెద్దదాని కుట్టు తడిమి చూసింది.

పేరుకి వింగు అంటారు గానీ ఈ రెక్కతో ఎగిరేదేమీ లేదు, సముద్రంలో దిగేవాళ్ళు వీపుకి కట్టుకునే గాలిసంచి అది, వీపు మీద ఒక లోహపు పలక, ఆ పలకకి భుజాల మీదుగా పట్టీలు, పలకకీ సిలిండరుకీ నడుమ ఈ సంచి, బటన్ నొక్కితే గాలి నిండి మనిషి పైకి తేలుతుంది, తాడు లాగితే గాలంతా బుడగలై పోయి కిందికి దిగుతుంది, కుదురుగా అమిరితే పైకీ పోదు, కిందికీ పోదు, ఉన్నచోట ఉంటుంది, అలా ఉండగలగడం కోసమే జనం ఇంత తిప్పలు పడి నీళ్ళలోకి దిగుతారంటే బయటివాళ్ళు నవ్వుతారు, ఆమె పాత వింగు కుట్టు దగ్గర విచ్చుకుంది, బాత్‌రూములో బకెట్టులో ముంచి చూస్తే బుడగలు వరసగా వచ్చాయి, జిగురు పెట్టింది, రబ్బరు ముక్క అంటించింది, అయినా వచ్చాయి, సరే ఇక దాని పని అయిపోయిందని, అచ్చం అలాంటిదే, అంత పెద్దదే ఇంకొకటి తీసుకుందామని ఆసుపత్రి నుంచి నేరుగా ఇటు వచ్చింది, చిటికెలో అయిపోయే పని అనుకుంది, తీరా మాస్టారు గడ్డం గోక్కుంటూ, ఒక్క సిలిండరుతోనే కదా చెవుల మేడమ్ మీరు దిగేది, ఇంత పెద్దది ఎందుకు, ఇది జంట సిలిండర్లు కట్టుకునేవాళ్ళది, ఎవరు అంటగట్టారు మీకు అని లోపలికి పోయి చిన్నది పట్టుకొచ్చాడు, పక్కన పెట్టాడు, పెట్టి ఊరుకుంటే బాగుండేది, ఇంతకీ ఇప్పుడు ఎవరితో దిగుతున్నారు అన్నాడు.

ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది, తలుచుకుంటే సిగ్గేసే ఉపాయమే, మాస్టారి ఎడమచెవి సంగతి ఈ ఊరు మొత్తం మీద ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, కుర్రతనంలో చెవులు సర్దుకోనివ్వకుండా లోతులకి దూకి దూకి ఆ చెవిని పాడుచేసుకున్నాడు, అప్పుడప్పుడూ ఆమె గదిలోకే వచ్చి కూర్చుని బటన్ నొక్కి పోతుంటాడు, సన్నటి గొంతులు ఆ చెవికి ఎక్కవు, మెల్లగా అన్న మాట అసలే ఎక్కదు, అందుకని ఎవరితో దిగుతున్నారు అని ఆయన అడిగినప్పుడల్లా ఆమె ఆయనకి ఎడమవైపుగా జరిగి, అరలో వేలాడుతున్న మాస్కుల్ని చూస్తున్నట్టు మొహం తిప్పి, ఏదో ఒకటి గొణుగుతుంది, ఆయన తలూపుతాడు, వినపడనివాళ్ళు తలూపినంత ధారాళంగా ఇంకెవరూ ఊపరు, అదీ ఆమె ఉద్యోగంలో నేర్చుకున్నదే, వైద్యం చేయాల్సిన లోపాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకుంటున్నందుకు ప్రతిసారీ ఇంటికెళ్ళేదాకా మనసులో ఒక ముల్లు.

పడవ మీంచి ఒంటరిగా నీళ్ళలోకి దిగనివ్వడు, అదొక్కటే పట్టింపు మాస్టారిది, కింద ఏదైనా అయితే చూసేందుకు పక్కన ఒక మనిషుండాలి, జోడీ లేదంటే ఆయనే ఎవరితోనో ఒకరితో కలుపుతాడు, అంత సుళువు, నాకెవరూ లేరండీ అని నోరు తెరిచి చెప్పాలి, అంతే, ఆ ఒక్క మాట నోటికి రాక తమ్ముడి పెళ్ళయినప్పట్నుంచీ ఆమె సముద్రంలో దిగలేదు, షాపు వెనక ఉన్న కొలనులో కాసేపు మునిగి, గచ్చు మీద పలకలు లెక్కపెట్టుకుని, తల ఆరబెట్టుకుని ఇంటికి పోతోంది, ఎందుకు రాదంటే ఏం చెప్తుంది, నడివయసు దాటుతున్న మనిషి దుకాణంలో నలుగురి మధ్య నిలబడి నాకు ఎవరూ లేరు అనడం ఎలా ఉంటుందో అనేవాళ్ళకి తెలుస్తుంది గానీ అడిగేవాళ్ళకి తెలియదు, ఒంటరిగా ఉండటం ఆమెకి కొత్త కాదు, అది చెప్పుకోవడమే కొత్త, ఆ మాట పైకి అన్నాక ఇక అది నిజమైపోయి ఇంట్లో కూర్చుంటుందని భయం.

అక్కా నన్ను వదలవుగా, వదలవుగా అని పడవ అంచున కూర్చుని ఎన్నిసార్లు అడిగాడో వాడు, అప్పుడు వాడికి పదహారేళ్ళు, పేరు పొట్టోడు, నిజంగానే పొట్టిగా ఉండేవాడు, ఇప్పుడు గుమ్మానికి తల తగలకుండా వంగి రావాలి, అయినా పొట్టోడే, అమ్మ పోయేనాటికి వాడు మూడో తరగతి లెక్కలతో కుస్తీ పడుతున్నాడు, తను కొత్తగా ఉద్యోగంలో చేరింది, వాడి బూట్లు, వాడి జ్వరాలు, వాడి పరీక్షలు, వాడు దాచిన మార్కులు, పెళ్ళి సంబంధం చూస్తామన్న పిన్నితో ముందు వీణ్ణి ఒక ఒడ్డుకి చేర్చనీ పిన్నీ అంది, ఒడ్డుకి చేర్చడం అనే మాట అన్నదే గానీ ఇద్దరూ కలిసి నీళ్ళలోకి దిగుతారని ఎవరనుకున్నారు, చెవులు చూపించుకోవడానికి వచ్చే డైవర్లు వాళ్ళ కబుర్లు చెప్పేవాళ్ళు, కింద ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఒకసారి చూడండి మేడమ్ అని ఈ మాస్టారే ఊరించాడు, రోజంతా మూసిన గదిలో నిశ్శబ్దంతోనే కాపురం చేసే తనకి ఇంకా నిశ్శబ్దం ఎందుకని నవ్వింది, పోయి చూసింది, అది వేరే నిశ్శబ్దం, తన ఊపిరి తనకి వినపడే నిశ్శబ్దం, బయటికొచ్చాక పొట్టోడికి చెప్తే నేనూ వస్తానని పట్టు పట్టాడు.

మొదటిసారి సముద్రంలోనే వాడు బెదిరిపోయాడు, ఇంకా లోతుకి పోనేలేదు, కాలి కింద నేల కనపడకపోయేసరికి కళ్ళు ఇంతింత చేసి, తన సంచిలో గాలి నింపాల్సింది పోయి ఉన్నది వదిలేసి, బండరాయిలా దిగిపోతూ ఆమె ఎడమ భుజం పట్టీని దొరకబుచ్చుకున్నాడు, ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది, చెయ్యి కాదు, పట్టకారు, అప్పుడు ఆమె వీపున ఉన్నది చిన్న సంచి, ఎంత గాలి కొట్టినా ఇద్దర్నీ లేపలేకపోయింది, కాళ్ళు తన్నీ తన్నీ, తొడలు పట్టేసి, ఎలాగో పైకి ఈడ్చుకొచ్చింది, పైకొచ్చాక వాడు దగ్గుతూ నవ్వుతూ బాగుందక్కా, మళ్ళీ పోదాం అన్నాడు, ఆమె పడవ అడుగున కూర్చుని చాలాసేపు లేవలేదు, మర్నాడే పోయి వేరే ఊళ్ళో వేరే దుకాణంలో అన్నిటికన్నా పెద్ద వింగు ఏదో అది ఇవ్వమంది, ఇద్దర్నీ లేపేది కావాలి అంది, అక్కడివాడు ఆమె మొహం చూసి మారుమాట లేకుండా ఇచ్చాడు, ఇదిగో, ఈ పెద్దదాని అన్నగారే అది, ఆ తర్వాత ఎన్నేళ్ళు దిగారో, వాడు ఎంత బాగా నేర్చుకున్నాడో, అయినా కింద పక్కపక్కన పోతుంటే వాడి చెయ్యి వచ్చి ఎడమ భుజం పట్టీ మీద పడేది, భయం పోయాక కూడా పడేది, అలవాటు, తర్వాత్తర్వాత ఏడిపించడానికి పట్టుకుని లాగేవాడు, ఆమె శరీరం ఎడమవైపుకి కాస్త ఒరిగేది, ఆ ఒరగడం అలాగే నిలిచిపోయింది, వాడు పట్టుకోకపోయినా ఒరుగుతుంది, మూటలు మోసేవాళ్ళకి ఒక భుజం కిందికి దిగిపోయినట్టు తన ఒంటికీ ఒక వంకర వచ్చిందనుకుంది, నిన్ను మోసి మోసి నేను వంకరపోయాన్రా అని ఒకసారి అంటే వాడు నవ్వలేదు, సాయంత్రం మందుల షాపు నుంచి భుజానికి రాసుకునే మందు తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు.

రెండూ వేసి చూడండి మేడమ్, కొలను ఖాళీగానే ఉంది, చూశాక మీ ఇష్టం అన్నాడు మాస్టారు, సరే అంది, ఏదో ఒకటి అనాలి గనక అంది, షాపు వెనక తలుపు తీస్తే క్లోరిన్ వాసన గుప్పున కొట్టింది, రేకుల కప్పు కింద నలుచదరపు కొలను, ఒక కొసన నిలువులోతుకి రెండింతలు, గోడకి ఆనించి తడి కాళ్ళజోళ్ళు, ఎవరో మరిచిపోయిన తువ్వాలు, మూలన ప్లాస్టిక్ కుర్చీ, ఆమె ఈత బట్టలు వేసుకుని వచ్చింది, మాస్టారు పెద్దదాన్ని పలకకి బిగించి, సిలిండరు కట్టి, వీపుకి ఎత్తాడు, ఆమె పట్టీలు సర్దుకుంది, ఎడమది రెండోసారి కూడా సర్దింది, నీళ్ళలోకి అడుగు వేసింది.

నీళ్ళు తల మీద మూసుకోగానే దుకాణం, మాస్టారు, ప్రశ్న అన్నీ పైనే ఉండిపోయాయి, ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి, బుడగలు చెవుల పక్కనుంచి గలగలమంటూ పైకి పోతున్నాయి, గచ్చుకి కాస్త పైన ఆగింది, ఆగగానే వచ్చింది, తనకి తెలుసు వస్తుందని, ఎడమవైపుకి ఆ ఒరగడం, భుజం పట్టీ మెల్లగా కిందికి గుంజినట్టు, వచ్చావురా పొట్టోడా అనుకుంది, ప్రతిసారీ అనుకుంటుంది, ఇది ఎవరికీ చెప్పలేదు, చెప్తే పిచ్చి అంటారు, ఇంట్లో అన్నం తినేటప్పుడు లేడు, టీవీ ముందు లేడు, పండగనాడు ఫోనులో కాసేపు ఉంటాడు, ఇక్కడ మాత్రం ఉంటాడు, ఎడమ భుజం మీద, ఈ కాస్త బరువు కోసమే కదా ఈ క్లోరిన్ నీళ్ళలో పడి కళ్ళు ఎర్రచేసుకుంటున్నది, ఒక కాలు కాస్త విదిల్చి ఒరిగినదాన్ని సర్దుకుంది, ఆ విదిలింపు ఎంత అలవాటంటే నడిచేటప్పుడు చేతులు ఊగినట్టు దానంతటదే వస్తుంది, పెద్దదే తీసుకుంటాను అనుకుంది, అయిపోయింది, తేలిపోయింది.

గట్టు మీద కూర్చుంటే నీళ్ళు కారి గచ్చు మీద మడుగు కడుతున్నాయి, మాస్టారు పెద్దదాన్ని విప్పి చిన్నది బిగిస్తున్నాడు, వద్దులెండి, పెద్దదే కట్టేయండి అందామనుకునేలోగా సంచిలో ఫోను మోగింది, పొట్టోడు, వాడుండేది కూడా సముద్రం పక్కనే, కాకపోతే ఇక్కణ్ణుంచి ఒక పూట ప్రయాణం, అక్కా, ఇవాళ షాపుకి పోతానన్నావుగా, అక్కడే ఉన్నావా, నాకూ ఒకటి చూడు, ఇక్కడ దొరికేవి బాలేవు, పెద్దది చూడు, నీదాని లాంటిది, నీకెందుకురా అంత పెద్దది, అదేంటక్కా, నీ మరదలు డైవింగు కోర్సు పూర్తి చేసింది, ఇక ఇద్దరం దిగాలి, కింద దానికి ఏదైనా అయితే ఇద్దర్నీ లేపద్దూ, ఒరేయ్, తన వీపున తన వింగు ఉంటుంది కదరా, తనది తనని లేపుతుంది, నీది నిన్ను లేపుతుంది, ఇద్దరి బరువూ నువ్వెందుకు కట్టుకోవడం, మరి నువ్వు కట్టుకోలేదా అన్నాడు వాడు, ఎంత మామూలుగా అన్నాడో, ఎత్తిపొడుపు కాదు, అక్క చేసింది గనక అదే పద్ధతి అనుకున్నవాడి మాట, ఆమె ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

ఇలా ఇవ్వండి, నేను మాట్లాడతాను అని మరదలు ఫోను లాక్కున్నట్టుంది, వదినా, ఈయన మాటలు నమ్మకండి, నన్ను లేపుతాడట, కిందికి పోగానే నా భుజం పట్టీ పట్టుకుని వదలడు, ఈత నేర్చుకునే పిల్లాడిలా, ఇక్కడ మాకు నేర్పే మాస్టారు కూడా నవ్వారు, ఏ భుజం అని అడిగింది ఆమె, అడగకుండా ఉండాల్సింది, ఎడమదే వదినా, ఎందుకు, ఏం లేదమ్మా ఊరికే, వెనకనుంచి వాడు ఏదో అంటున్నాడు, ఇద్దరూ నవ్వుతున్నారు, అక్కా ఆదివారం వచ్చెయ్, ముగ్గురం దిగుదాం, ముగ్గురేంట్రా, జంటగా దిగాలి గానీ, నాకు ఇక్కడ నా స్నేహితురాలు ఉందిగా, తను ఏమనుకుంటుంది, ఆ నర్సావిడేనా, మోకాలు తగ్గిందా ఆవిడకి, ఆఁ తగ్గింది తగ్గింది అంది, లేని నర్సుకి లేని మోకాలి నొప్పి, మొదట్లో ఊరికే ఒక మాట అనేసింది, వాడు నిశ్చింతగా భార్యతో దిగాలని, అక్క ఒక్కతే ఉందని వాడి ప్రాణం కొట్టుకోకూడదని, ఆ తర్వాత వాడు అడిగినప్పుడల్లా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయింది, ఇప్పుడు ఆ నర్సుకి రాత్రి డ్యూటీలున్నాయి, ఇద్దరు కొడుకులున్నారు, బత్తాయిరసం పడదు, ఒక్కోసారి ఆవిడ మీద కోపం కూడా వస్తుంది, ఇంత చేస్తే ఒక్కనాడైనా వచ్చి తలుపు తట్టదు.

ఎవరూ తప్పు చేయలేదు, అదే కష్టం, వాడి పెళ్ళి కావద్దనుకుందా, తనే దగ్గరుండి చేసింది, పిల్ల బంగారం, వదినా వదినా అని చుట్టూ తిరుగుతుంది, వాడు వారం వారం ఫోను చేస్తాడు, ఎవర్నీ ఒక్క మాట అనడానికి లేదు, ఎవర్నైనా తిట్టుకోగలిగితే ఈ పాటికి సగం భారం దిగిపోయేది, ఫోను సంచిలో పెట్టింది, వేళ్ళు తడికి ముడతలు పడ్డాయి, ఎడమదే వదినా, అంటే ఇప్పుడు ఆ చెయ్యి అక్కడుంది, ఆ పట్టీ మీద, ఇక్కడ ఉన్నదని తను అనుకుంటున్నది మరేమిటి, మాస్టారు సిలిండరు ఎత్తి పట్టుకుని రండి అంటున్నాడు, వద్దనడానికి కూడా ఓపిక లేక లేచి వీపు తిప్పి నిలబడింది.

చిన్నది, నీళ్ళు మూసుకున్నాయి, ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి, కాస్త గాలి, ఇంకాస్త, చాలు, గచ్చుకి పైన ఆగింది, కళ్ళు మూసుకుని ఎదురుచూసింది, రాలేదు, కాలు అలవాటుగా విదిల్చింది, విదిల్చేసరికి కుడివైపుకి తూలింది, మళ్ళీ సర్దుకుంది, కాలు ఆపింది, ఊరికే ఉంది, శరీరం గచ్చుకి సమంగా, పక్కమీద దుప్పటి పరిచినట్టు, అటూ లేదు ఇటూ లేదు, ఇదేంటి, కావాలని ఎడమవైపుకి వంగింది, తనంతట తనే మెల్లగా తిరిగొచ్చి సమంగా నిలిచింది, గాలి వదిలి మళ్ళీ నింపింది, అదే, కొలను ఈ కొస నుంచి ఆ కొసకి పోయి వచ్చింది, గీత గీసినట్టు పోయింది, వంకర లేదు, ఒంట్లో ఎక్కడా వంకర లేదు, కుడిచెయ్యి తెచ్చి ఎడమ భుజం పట్టీ తడిమింది, వదులుగా ఉంది, కింద రెండు వేళ్ళు దూరాయి, అక్కడ ఎవరూ లేరు.

తలెత్తితే గట్టున మాస్టారు వంగి చూస్తూ బొటనవేలు, చూపుడువేలు కలిపి బాగుందా అని సైగ చేస్తున్నాడు, ఆమె పైకి తేలింది, నోట్లో గొట్టం తీసింది, ఇందాక ఎడమవైపుకి ఒరిగానా మాస్టారూ అని గట్టిగా అడిగింది, ఒరగరా మరి అన్నాడాయన, ఒక్క సిలిండరుకి అంత సంచి కడితే మిగిలిన గుడ్డంతా రెండు పక్కలా ముడుచుకుని సిలిండరుని చుట్టేస్తుంది, గాలి వదిలే తాడు ఎడమవైపు ఉంటుంది గనక ఎడమపక్కది పోతుంది, కుడిపక్కన ముడతల్లో ఉన్నది అక్కడే ఇరుక్కుపోతుంది, కుడి లేస్తుంది, ఎడమ దిగుతుంది, ఇన్నేళ్ళూ ఎలా ఓర్చుకున్నారు, నడుం నొప్పి రాలేదూ, ఆమె తలూపింది, వినపడనివాళ్ళు ఊపినట్టే, గొట్టం నోట్లో పెట్టుకుని మళ్ళీ మునిగిపోయింది.

గాలి, వట్టి గాలి, మడతలో ఇరుక్కున్న గాలి, అది కూడా ఎడమన కాదు, కుడివైపున, వాడి చెయ్యి పడిన వైపు కూడా కాదు, ఎన్నేళ్ళుగా పలకరించింది దాన్ని, వచ్చావురా అంది, సర్దుకో అంది, వాడి పెళ్ళయిన వారానికి ఈ కొలనులోనే ఒరిగినప్పుడు కళ్ళు మూసుకుని పోన్లే నువ్వున్నావు అంది, ఆ తాతగారు, వేలు బటన్ మీద ఆనించుకుని, నాకు బాగానే వినపడిందమ్మా, ఆయన చీటీ మీద తను ఏమీ రాయకుండా మళ్ళీ మొదట్నుంచి చేద్దాం తాతగారూ అంది, ఎంత మెల్లగా అంది, పరాయివాళ్ళకైతే ఎంత ఓపికో, మాస్కు లోపల నీళ్ళు చేరుతున్నాయి, బయటివి కావు, ఉప్పగా ఉన్నాయి, కొలనులో ఉప్పెక్కడిది, మాస్కులో నీళ్ళొస్తే కంగారుపడకు, పైఅంచు నొక్కిపట్టి ముక్కుతో ఊదెయ్, పోతాయి అని పొట్టోడికి నేర్పింది తనే, పైఅంచు నొక్కిపట్టి ముక్కుతో ఊదింది, పోయాయి, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ ఊదింది, ఒంటరిగా ఉంది, ఇన్నాళ్ళూ ఒంటరిగానే ఉంది, మాట అనకపోతే అది నిజం కాకుండా ఆగిందా, ఆగలేదు, అన్నం తినేటప్పుడూ ఉంది, ఇక్కడా ఉంది, పైగా అనకుండా దాచిన ఆ మాట పడవెక్కనివ్వలేదు, సముద్రం రంగు ఎలా ఉంటుందో మరిచిపోయేలా చేసింది, అలా ఏడుస్తున్నంతసేపూ గచ్చుకి పైన కదలకుండా సమంగా తేలి ఉంది, అది గమనించి ఏడుపు మధ్యలో ఆశ్చర్యపోయింది.

దుకాణంలోకి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు కొనుగోలుదార్లు చేరారు, ఒకావిడ చేతి తొడుగులు వేసుకుని తీసి వేసుకుని చూస్తోంది, తన తడిజుట్టు మెడ మీదనుంచి చొక్కాలోకి కారుతోంది, మాస్టారు రెండు వింగుల్నీ తుడిచి బల్ల మీద పెట్టాడు, ఏది కట్టమంటారు, చిన్నది అంది, మా తమ్ముడికీ చిన్నదే కట్టండి, వాడు పెద్దది అడుగుతాడు, నేను చెప్పుకుంటాలెండి వాడికి అంది, చెప్పాలి, నీ పెళ్ళాన్ని నువ్వు మోయక్కర్లేదురా, పట్టీ పట్టుకుంటే పట్టుకో, అది వేరు, మాస్టారు కాగితం చుడుతూ, ఆదివారం సముద్రం నెమ్మదిగా ఉండేట్టుంది, పడవ వేస్తున్నాను, మీరు చాలాకాలంగా రావడం లేదు, ఈసారైనా వస్తారా, ఎవరితో దిగుతారు అన్నాడు, ఆమె కాళ్ళు వాటంతట అవే ఆయన ఎడమవైపుకి జరిగాయి, మొహం మాస్కుల వైపు తిరిగింది, నోట్లో నర్సు సిద్ధంగా కూర్చుని ఉంది, రెండు పెదాలు కదిపితే చాలు, ఆయన తలూపేస్తాడు, తను ఇంటికి పోవచ్చు.

జరిగిన కాళ్ళని ఆపింది, బల్ల కొసనుంచి చుట్టూ తిరిగి, తొడుగుల ఆవిణ్ణి తప్పించుకుని, మాస్టారి కుడివైపుకి వచ్చి నిలబడింది, ఈ చెవి సంగతీ తనకి తెలుసు, ఈ చెవికి ఆకు రాలినా వినపడుతుంది, గొంతు పెంచక్కర్లేదు, ఎవరూ లేరు మాస్టారూ, మా తమ్ముడి పెళ్ళయినప్పట్నుంచీ నాకు జోడీ లేదు, ఒక్కదాన్నే, ఎవరితోనైనా కలపండి అంది, తొడుగుల ఆవిడ ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ తన వేళ్ళ గొడవలో పడింది, కప్పు కూలలేదు, మాస్టారు కాగితం చుట్టడం ఆపాడు, ఒక్కసారికే వినపడింది ఆయనకి, మొహంలో తెలుస్తోంది, అదేంటి మేడమ్, ఇన్నాళ్ళూ చెప్పరేం, ప్రతి ఆదివారం ఎవరో ఒకరు మిగిలిపోతూనే ఉన్నారు, బేసి లేని పడవని నేనింతవరకు చూడలేదు, పోయినవారం కూడా ఒక పెద్దావిడ, బడిలో పంతులమ్మ, పొద్దున్నే లేచి అంతదూరం వచ్చి, రావాల్సిన మనిషి రాకపోతే, సూటు వేసుకుని, వింగు కట్టుకుని, అందరూ పైకొచ్చేదాకా పడవలోనే కూర్చుంది, దిగనివ్వను కదా నేను, కోప్పడనైనా లేదు పాపం, నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది, ఈ ఆదివారం వస్తానంది, మిమ్మల్ని ఆవిడతో కలుపుతాను, ఆమె సరేనంది, కాగితం పొట్లం అందుకుంది, అది ఎంత తేలిగ్గా ఉందో, పడవ అంచు, ఎండ, తడవని సూటులో ఉక్కపోస్తుంటే ఓర్చుకుని కూర్చున్న మనిషి, ఎవరో వస్తారని ఒడ్డువైపు చూసి ఉంటుంది, ఎన్నిసార్లు చూసిందో, ఆవిడకి ముందు ఇంకెవరో, వాళ్ళకి ముందు ఇంకెవరో, ఆ వేళప్పుడు తను ఇంట్లో బకెట్టు ముందు కూర్చుని బుడగలు చూస్తోంది, ఆ పొద్దున్నే తను వచ్చి ఈ కుడిచెవిలో ఒక్క మాట వేసుంటే ఆవిడ దిగి ఉండేది, మిగిలిపోయింది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ, ఇన్ని ఆదివారాలూ అలా మిగిలిపోయినవాళ్ళకి రావాల్సిన జోడీని తనే ఇంట్లో దాచిపెట్టుకుని కూర్చుంది.